ఐడిల్ వాల్వ్ మార్చాక ఈసీఎం నిజంగా కాలిందా? ఇంకొకటి కొనే ముందు మీటరుతో తేల్చుకోవలసినవి

మీరు రాసినదాన్ని ముందు కుదించి చెబుతాను. మీరు డాలస్‌లో ఉంటారు. కారు 2001 నిస్సాన్ మాక్సిమా, 3 లీటర్ల వి6, ఆటోమేటిక్. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) నిమిషానికి 1,800 చుట్ల దాకా ఎగబాకడం, మళ్లీ పడిపోయి ఇంజిన్ ఆగిపోయేంతగా వణకడం మొదలైంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్‌లో పి0505 (ఐడిల్ అదుపులో లోపం) అనే కోడ్ కనిపించింది. ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వ్ తెప్పించి మీరే మార్చారు. ఇప్పుడు ఐడిల్ 2,000 దగ్గర నిలబడిపోయింది, అదే కోడ్ తిరిగి వచ్చింది. దగ్గర్లోని మెకానిక్ చూసి, ‘కంప్యూటర్ పోయింది, పాత కార్ల యార్డు నుంచి ఇంకొకటి తెచ్చి పెడదాం’ అన్నారు. అది నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి, కొత్త వాల్వే కంప్యూటర్‌ను కాల్చిందా అన్నవి మీ ప్రశ్నలు.

మెకానిక్ మాట నిజమయ్యే అవకాశం బాగానే ఉంది. అయినా ఇంకొక ఈసీఎంను, అంటే ఇంజిన్‌ను నడిపే ఆ కంప్యూటర్‌ను, ఇప్పుడే కారుకు తగిలించవద్దు. మొదటిదాన్ని కాల్చిన కారణం ఇంకా కారులోనే ఉంటే, తాళం తిప్పిన కాసేపటికే రెండోదీ అదే దారి పడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల కరెంటు పని నేర్చుకుని, చాలా ఏళ్లుగా ఇక్కడ అమెరికాలో అదే పని చేస్తున్నాను. ఈ తరహా కేసుల్లో డబ్బు పోయేది పరీక్షించే వరస తప్పినందువల్లే. ముందు పాత వాల్వ్, తర్వాత వైరింగ్, ఆ రెండూ తేలాకే ఈసీఎం. ఈ వరస మార్చవద్దు.

అంతకుముందు ఒక జాగ్రత్త. ఐడిల్ 2,000 మీద ఉన్న ఆటోమేటిక్ బండిని రోడ్డు మీదకు తీసుకువెళ్లకండి. అంత వేగంలో న్యూట్రల్ నుంచి డ్రైవ్‌లోకి వేస్తే గేర్‌బాక్సు దెబ్బ తింటుంది. సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు కాస్త సడలినా బండి ముందుకు దూకుతుంది. ఇంట్లో పిల్లలు ఉన్నారని రాశారు. ఇది తేలేవరకు బండి వాకిట్లోనే ఉండనివ్వండి.

పాత వాల్వ్‌ను పారేయలేదని ఆశిస్తున్నాను. ఈ కేసులో మీ దగ్గరున్న అతి ముఖ్యమైన సాక్ష్యం అదే. దాని కప్లర్ (తీగలు తగిలించే ప్లగ్గు) లోపలికి టార్చి వేసి చూడండి. పిన్నుల మీద ఆకుపచ్చటి లేదా తెల్లటి పొడి, తడి, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తీపి వాసన, వీటిలో ఏది కనిపించినా సగం కథ తెలిసినట్టే.

ఎందుకంటే ఈ వాల్వ్ ఒంట్లోంచి కూలెంట్ పారుతుంది. చలి దేశాల్లో గాలిలోని తేమ థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే ద్వారం) దగ్గర గడ్డకట్టి దాని పలకను పట్టేయకుండా, వేడి నీటిని అటుగా తిప్పారు. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి సీలు పెళుసెక్కుతుంది. అక్కడినుంచి కూలెంట్ బొట్టు బొట్టుగా మోటారు వైపు దిగుతుంది. బయటికి ఒక్క చుక్క కనిపించదు, రేడియేటర్‌లో మట్టం తగ్గినట్టూ పెద్దగా తెలియదు. లోపల మాత్రం రాగి తీగల మీది పూత తినేస్తూ పోతుంది. 2000, 2001 మాక్సిమాల మీద పనిచేసేవారికి ఇది బాగా తెలిసిన జబ్బే.

ఇక ఆ తడి కంప్యూటర్‌ను ఎలా కాలుస్తుందో వివరంగా చెబుతాను. ఇది అర్థమైతే కింద చెప్పే పరీక్షలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు థ్రాటిల్ పలక దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజిన్ ఆగకుండా ఉండడానికి కావలసిన గాలి పక్కదారిలో వెళ్తుంది. ఆ దారిని ఎంత తెరవాలో అంత తెరిచేది ఈ వాల్వ్‌లోని స్టెప్పర్ మోటారు. దాని కప్లర్‌లో ఆరు పిన్నులు రెండు వరసలుగా ఉంటాయి. ప్రతి వరసలో నడిమి పిన్నుకు తాళం తిప్పగానే బ్యాటరీ కరెంటు వస్తుంది. చివరి పిన్నులు నాలుగూ నాలుగు కాయిల్‌ల చివరలు, అవి నేరుగా ఈసీఎంలోకి వెళ్తాయి. ఈసీఎం ఈ వాల్వ్‌కు కరెంటు ఇవ్వదు. ఒక్కో కాయిల్‌ను తన లోపలి డ్రైవర్ ట్రాన్సిస్టర్ ద్వారా ఎర్త్‌కు కలుపుతూ, విడదీస్తూ మోటారును అడుగడుగుగా తిప్పుతుంది.

బాగున్న కాయిల్ నిరోధం 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20 నుంచి 24 ఓమ్‌లు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టులు ఉంటాయనుకుంటే, 22 ఓమ్‌ల కాయిల్‌లో పారే కరెంటు 0.64 ఆంపియర్. డ్రైవర్ దాన్ని సునాయాసంగా మోస్తుంది. కూలెంట్ దిగి కాయిల్ లోపల చుట్లు ఒకదానికొకటి తగిలి నిరోధం 3 ఓమ్‌లకు పడిపోయిందనుకోండి. ఇప్పుడు కరెంటు 4.7 ఆంపియర్లు, అంటే ఏడు రెట్లు దాటింది. అంత కరెంటును ట్రాన్సిస్టర్ పూర్తిగా లాగలేదు, దాని రెండు చివరల మధ్య వోల్టేజీ పెరుగుతుంది, ఆ శక్తి అంతా గోరంత చిప్‌లో వేడిగా దిగుతుంది. చిప్ కాలిపోతుంది.

మరి ఫ్యూజు ఎందుకు పోలేదు అని మీరు అడిగారు. చాలా మంచి ప్రశ్న. ఇలాంటి సర్క్యూట్‌కు ఉండే ఫ్యూజు 10 ఆంపియర్లదో 15 ఆంపియర్లదో అయి ఉంటుంది. 4.7 ఆంపియర్లు దాని దృష్టిలో మామూలే. ఫ్యూజు వైరింగ్‌ను కాపాడడానికి ఉన్నది, ఈసీఎం లోపలి చిప్‌ను కాపాడడానికి కాదు. ఫ్యూజు బాగుందని ఈసీఎం బాగుందనుకోవడానికి లేదు.

దీన్నిబట్టి మీ రెండో ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. ఇలాంటి చాలా కేసుల్లో ఈసీఎంను కాల్చేది పాత వాల్వే, అదీ మీరు దాన్ని విప్పకముందే. కొత్తది బిగించాక కూడా ఐడిల్ మారలేదు కాబట్టి కొత్తది దోషిలా కనిపిస్తుంది, అంతే. అయితే కొత్తదాన్ని పూర్తిగా వదిలేయడానికీ లేదు. చవక రకం వాల్వ్‌లలో నిరోధం తక్కువగా ఉన్నవి వస్తుంటాయి. తాళం ఆన్‌లో ఉండగా కప్లర్ లాగినా, తగిలించినా ప్రమాదమే, ఎందుకంటే కాయిల్‌లో పారుతున్న కరెంటు ఒక్కసారిగా తెగితే ఎదురు వోల్టేజీ ఎగిసిపడుతుంది. తాళం తీసిన వెంటనే కూడా కప్లర్ ముట్టుకోవద్దు. ఈసీఎం తన రిలేను కొన్ని సెకన్లపాటు పట్టుకునే ఉంటుంది. బ్యాటరీ మైనస్ తీగ విప్పి, కొన్ని నిమిషాలు ఆగి పని మొదలుపెట్టండి.

ఈసీఎం మీద నింద వేసే ముందు, అసలు ఏదీ కాలకుండానే వాల్వ్ మార్చాక ఐడిల్ ఎక్కువగా ఉండే కారణాలను తోసిపుచ్చాలి. చాలామంది దీన్ని దాటేస్తారు, నాకు అందుకే కోపం వస్తుంది. మీరు వాల్వ్ మార్చినప్పుడు కూలెంట్ గొట్టాలు విప్పారు కాబట్టి లోపలికి గాలి వెళ్లింది. ఆ గాలి బుడగ టెంపరేచర్ సెన్సర్ దగ్గర ఇరుక్కుంటే ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని ఈసీఎం అనుకుంటుంది, ఐడిల్‌ను పైనే ఉంచుతుంది. స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత చూడండి. ఇంజిన్ వేడెక్కాక 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య స్థిరపడాలి. అది 50 దగ్గర తచ్చాడుతుంటేనో ఎగుడుదిగుడుగా గెంతుతుంటేనో ముందు గాలి తీయండి.

రెండో కారణం గాలి లీకు. వాల్వ్ కింద గ్యాస్కెట్ సరిగ్గా కూర్చోకపోయినా, ప్లీనం (ఇంజిన్‌కు గాలి పంచే పెట్టె) దగ్గర ఏదైనా రబ్బరు గొట్టం తగిలించడం మరిచినా, ఇంజిన్‌లోకి లెక్కలో లేని గాలి వెళ్తుంది. దీన్ని పట్టుకునే సులువైన మార్గం ఒకటి ఉంది. ఇంజిన్ నడుస్తుండగా వాల్వ్‌కు గాలి వెళ్లే రంధ్రాన్ని మందపాటి రబ్బరు ముక్కతో కాసేపు మూయండి. వేలు పెట్టవద్దు. ఐడిల్ దభాలున పడితే అదనపు గాలి వాల్వ్ ద్వారానే వస్తోంది, అంటే వాల్వ్ తెరుచుకుని ఉండిపోయింది. ఏమీ మారకపోతే గాలి వేరే చోటినుంచి వస్తోంది, ఈసీఎం సంగతి అప్పుడే అక్కర్లేదు. థ్రాటిల్ కేబుల్ బిగుసుకుని పలక పూర్తిగా మూసుకోకపోవడం కూడా ఈ జాబితాలోదే. కంటితో చూస్తే తెలిసిపోతుంది.

మొదట్లో ఐడిల్ ఎగబాకుతూ పడుతూ ఉండడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. పలక మూసి ఉండగా ఇంజిన్ వేగం మరీ ఎక్కువైతే, బండి వాలులో దిగుతోందనుకుని ఈసీఎం పెట్రోలు ఆపేస్తుంది. వేగం పడగానే మళ్లీ ఇస్తుంది. వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుంటే ఈ రెండింటి మధ్య ఊగిసలాట మొదలవుతుంది.

స్కానర్‌లో ఐడిల్ వాల్వ్ స్టెప్పుల అంకె మారుతోంది కాబట్టి ఈసీఎం బాగుందని మీ మిత్రుడు అన్నట్టు రాశారు. ఆ మాటను నమ్మవద్దు. ఆ అంకె వాల్వ్ నిజంగా ఎక్కడుందో చెప్పదు. ఎక్కడికి వెళ్లమని ఈసీఎం ఆజ్ఞ ఇచ్చిందో మాత్రమే చెబుతుంది. ఈ మోటారులో స్థానం తెలిపే సెన్సర్ ఏదీ లేదు. కళ్లు మూసుకుని మెట్లు దిగే మనిషి అడుగులు లెక్కపెట్టుకున్నట్టు ఈసీఎం తాను పంపిన పల్సులను లెక్కపెట్టుకుంటుంది. డ్రైవర్ కాలిపోయి వాల్వ్ ఒక్క అడుగు కూడా కదలకపోయినా స్కానర్‌లో అంకె హాయిగా మారుతూనే ఉంటుంది. నిజానికి స్టెప్పులు కనిష్ఠానికి చేరి ఉండి ఐడిల్ 2,000 మీద ఉంటే, ‘మూసుకో’ అని ఈసీఎం అంటోంది, వాల్వ్ వినడం లేదు అని అర్థం. అది వైరింగ్ వైపో డ్రైవర్ వైపో వేలు చూపిస్తుంది.

పి0605 రాలేదు కాబట్టి ఈసీఎం మంచిదే అన్న వాదన కూడా నిలవదు. ఆ కోడ్ ఈసీఎం మెదడులో లోపానికి సంబంధించినది. బయటి డ్రైవర్ ఒకటి కాలినంత మాత్రాన ఆ కోడ్ రావాలని లేదు. ఇంజిన్ నడుస్తోంది, స్కానర్ ఈసీఎంతో మాట్లాడుతోంది, గేర్లు పడుతున్నాయి. కాబట్టి మీ ఈసీఎం మెదడు క్షేమంగానే ఉంది. పోతే ఒకటో రెండో డ్రైవర్లు పోయి ఉంటాయి. ఈ తేడా తర్వాత మీకు చాలా డబ్బు మిగులుస్తుంది.

ఇక మీటరు తీయండి. పాత వాల్వ్‌తో మొదలుపెట్టి, ప్రతి వరసలో నడిమి పిన్నుకూ దాని పక్క పిన్నులకూ మధ్య ఓమ్‌లు కొలవండి. నాలుగు అంకెలు వస్తాయి. నాలుగూ 20 నుంచి 24 మధ్య దగ్గర దగ్గరగా ఉండాలి. తర్వాత ప్రతి పిన్నుకూ వాల్వ్ లోహపు ఒంటికీ మధ్య కొలవండి. అక్కడ మీటరు ఏమీ చూపకూడదు. ఏ కాయిలైనా 10 ఓమ్‌ల కన్నా తక్కువ చూపితే ఈసీఎం డ్రైవర్ దెబ్బతిన్నదనే అనుమానం బలపడుతుంది, ఏ కాయిల్ తక్కువ చూపిందో రాసి పెట్టుకోండి. ఇవే కొలతలు కొత్త వాల్వ్ మీద కూడా తీయండి. కొత్తది కూడా తప్పు చూపితే దాన్ని తిప్పి పంపండి, కారుకు మళ్లీ తగిలించవద్దు. తడి ఉన్న పాత వాల్వ్ ఇప్పటికి ఆరిపోయి మామూలు అంకెలు చూపవచ్చు. పిన్నుల మీద తుప్పు ఉంటే, మంచి అంకెలు వచ్చినా అది నిర్దోషి అనుకోవద్దు.

తర్వాత కారు వైపు కప్లర్. వాల్వ్ నుంచి దాన్ని విప్పి, బ్యాటరీ తగిలించి, తాళం ఆన్ చేసి రెండు నడిమి పిన్నుల దగ్గర బ్యాటరీ వోల్టేజీ వస్తోందో లేదో చూడండి. ఒక్కదానికి రాకపోయినా మోటారు తిరగదు, అలాంటప్పుడు ఈసీఎం తప్పేమీ లేదు. కప్లర్ లోపల కూలెంట్ ఉందేమో కూడా చూడండి. తీగలోని సన్నటి రాగి పోగుల మధ్య నుంచి కూలెంట్ పైకి పాకి దూరం వెళ్లగలదు. కప్లర్ వెనక తీగ తొడుగు ఉబ్బి మెత్తబడితే అంతవరకు కోసి కొత్త ముక్క అతకాలి.

మళ్లీ బ్యాటరీ విప్పి ఈసీఎం దగ్గరకు వెళ్లండి. మీ కారులో అది డ్యాష్‌బోర్డు మధ్య భాగంలో, కన్సోల్ లోపల ఉంటుంది. పక్క ప్యానెళ్లు తీస్తే కనిపిస్తుంది. కప్లర్ విప్పి, నాలుగు తీగలనూ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కొలవండి. ఒక ఓమ్ కన్నా తక్కువ రావాలి. తీగలు ఒకదానికొకటి తగలకూడదు, బాడీ ఎర్త్‌కూ తగలకూడదు. ఏ పిన్ను ఏ నంబరో మీ సంవత్సరపు సర్వీసు మాన్యువల్ బొమ్మలో చూసుకోండి. ఊహించి పిన్నులు పొడవవద్దు.

వాల్వ్ బాగుంది, వైరింగ్ బాగుంది అని తేలాకే ఈసీఎం పరీక్ష. వాల్వ్ దాని చోటే ఉంటుంది, దానికి కప్లర్ తగిలించనక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో 22 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్లు నాలుగు కొనండి. కారు వైపు కప్లర్‌లో కాయిల్ ఉండవలసిన ప్రతి చోటా ఒక రెసిస్టర్ పెట్టండి. ప్రతి రెసిస్టర్‌కూ సమాంతరంగా ఒక చిన్న ఎల్‌ఈడీని 1,000 ఓమ్‌ల రెసిస్టర్‌తో జత చేసి కలపండి. ఎల్‌ఈడీ ప్లస్ కాలు నడిమి పిన్ను వైపు ఉండాలి. ఇప్పుడు ఈసీఎం వాల్వ్ ఉందనే అనుకుంటుంది, మీకు నాలుగు దీపాల్లో దాని పని కనిపిస్తుంది. ఒట్టి ఎల్‌ఈడీతో ఈ పరీక్ష చేయడం నాకు నచ్చదు. ఎల్‌ఈడీ లాగే కరెంటు చాలా స్వల్పం, సగం చచ్చిన డ్రైవర్ కూడా దాన్ని వెలిగించేస్తుంది. పూర్తి బరువు మోయించితేనే నిజం తెలుస్తుంది. రెసిస్టర్లు బాగా కాలుతాయి, వాటిని ప్లాస్టిక్‌కూ పెట్రోలు గొట్టాలకూ దూరంగా ఉంచండి.

ఇంజిన్ స్టార్ట్ చేసి తొలి క్షణాలనుంచే దీపాలు చూడండి. ఐడిల్ ఎక్కువగా ఉంది కాబట్టి ఈసీఎం మూసే దిశలో అడుగులు వేసి, అంచుకు చేరాక ఆగిపోతుంది. ఆలస్యంగా చూస్తే దీపాలు కదలకుండా ఉంటాయి, డ్రైవర్లన్నీ పోయాయని పొరబడతారు. తర్వాత ఏసీ వేసి ఆపండి, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. బరువు మారిన ప్రతిసారీ ఈసీఎం కొత్త అడుగులు వేయాలని చూస్తుంది. బాగున్న ఈసీఎం నాలుగు దీపాలనూ వంతులవారీగా వెలిగించి ఆర్పుతుంది. ఒకే వరసలోని రెండు దీపాలు ఒకేసారి వెలగకూడదు, ఎందుకంటే అవి ఎదురెదురు కాయిల్‌లు.

ఒక దీపం ఎప్పటికీ వెలగకపోతే, ఆ తీగ బాగుందని ముందే తేల్చారు కాబట్టి, ఆ డ్రైవర్ తెగిపోయింది. ఒక దీపం ఎప్పటికీ ఆరకపోతే, దాని ఎదురు దీపంతో కలిసి కూడా వెలుగుతుంటే, ఆ డ్రైవర్ షార్ట్ అయింది. రెండోది ఎక్కువ ప్రమాదం. తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ కాయిల్‌లో దాదాపు 9 వాట్ల వేడి విడవకుండా పుడుతూ ఉంటుంది, కొత్త వాల్వ్‌ను కూడా అది ఉడికించేస్తుంది. ఇలాగే కాలిన ఈసీఎం మంచి వాల్వ్‌ను చంపుతుంది, చెడిన వాల్వ్ మంచి ఈసీఎంను చంపుతుంది. ఇందుకే ఒక్కటి మార్చి రెండోదాన్ని నమ్మవద్దని ఇంతసేపూ చెబుతున్నాను. దీపం వెలుగుతూనే మసకగా ఉంటే, ఆ సమయంలో ఆ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టేజీ కొలవండి. ఒక వోల్టుకు అటూ ఇటూ ఉంటే సరే. మిగతా మూడూ ఒకలా ఉండి ఇదొక్కటే మూడు నాలుగు వోల్టులు చూపితే ఆ డ్రైవర్ సగం చచ్చింది.

రెసిస్టర్ల తంటా వద్దనుకుంటే ఇంకో పరీక్ష ఉంది, కానీ దీన్ని నిర్ధారణకే వాడండి, తొలి తీర్పుకు కాదు. ఈసీఎంను పూర్తిగా విప్పి బల్ల మీద పెట్టి, మీటరును డయోడ్ గుర్తు మీద ఉంచండి. ఎర్ర తీగను ఈసీఎం ఎర్త్ పిన్నుకు పెట్టి, నల్ల తీగను నాలుగు వాల్వ్ పిన్నులకూ ఒకదాని తర్వాత ఒకటి తాకించండి. అంకె ఎంత అన్నది ముఖ్యం కాదు. నాలుగు డ్రైవర్లూ ఒకే రకం కాబట్టి నాలుగు అంకెలూ ఒకేలా ఉండాలి. మూడు ఒకలా ఉండి ఒకటి సున్నా దగ్గర ఉంటే దొరికినట్టే. ఆ పిన్ను, పాత వాల్వ్‌లో మీరు రాసిపెట్టుకున్న చెడ్డ కాయిల్ పిన్ను ఒకటే అయితే ఇక సందేహమే లేదు. పెట్టె తెరిచి చూడాలనిపిస్తే, పొడి గుడ్డ మీద కాకుండా, ముందు బాడీ ఎర్త్‌ను తాకి చేతిలోని స్టాటిక్ పోగొట్టుకుని తెరవండి. కాలిన వాసన, బోర్డు మీద గోధుమ రంగు మచ్చ, చిప్ మీద బొబ్బ కనిపించవచ్చు. ఏమీ కనిపించకపోవచ్చు కూడా. లోపల కాలి బయటికి శుభ్రంగా ఉన్న చిప్‌లు ఎన్నో ఉంటాయి.

డ్రైవర్ పోయిందని తేలితే, నా సలహా యార్డు నుంచి ఇంకొకటి తేవడం కాదు, మీదే బాగు చేయించడం. ఈసీఎం రిపేరు చేసేవారికి పంపితే వారు కాలిన డ్రైవర్ చిప్ తీసి కొత్తది అతుకుతారు. ఖర్చు డీలరు దగ్గర కొత్తదాని కన్నా చాలా తక్కువ. అంతకన్నా ముఖ్యం, మీ తాళంచెవిని గుర్తుపట్టే దొంగతన నిరోధక వ్యవస్థకు (ఇమ్మొబిలైజర్‌కు) ఈ ఈసీఎం ఇప్పటికే తెలుసు. వేరే కారుదాన్ని తెచ్చి పెడితే, మీ తాళంచెవిలో చిప్ ఉంటే, ఇంజిన్ అందుకుని వెంటనే ఆగిపోతుంది లేదా అసలు అందుకోదు. నిస్సాన్ స్కానర్ ఉన్నవారి చేత తాళంచెవులు మళ్లీ నమోదు చేయించాలి. యార్డుదే తేవాల్సి వస్తే లేబుల్ మీది పార్టు నంబరు అక్షరంతో సహా కలవాలి. మాన్యువల్ గేరు బండిది ఆటోమేటిక్‌కు సరిపోదు. కాలిఫోర్నియా ఉద్గారాల లెక్కతో చేసినదాన్నీ మిగతా రాష్ట్రాలదాన్నీ కలపవద్దు. 2002 నుంచి మాక్సిమాకు 3.5 లీటర్ల ఇంజిన్ వచ్చింది, ఆ ఈసీఎం మీకు దేనికీ పనికిరాదు. పైగా యార్డులోని కారు కూడా ఇదే జబ్బుతో అక్కడికి చేరి ఉండవచ్చు. డయోడ్ పరీక్ష యార్డులోనే చేసి చూడండి, రెండు నిమిషాల పని.

బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్టే వాడండి. కూలెంట్ గొట్టాలను వాల్వ్‌కు కాకుండా ఒకదానికొకటి కలిపేసి దాటవేయవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. మిన్నసోటాలోనో మిషిగన్‌లోనో అయితే నేను వద్దంటాను. డాలస్ వాతావరణంలో, ఇంత పాత కారుకు, ఆ పని చేయమనే చెబుతాను. అక్కడా గడ్డకట్టే రోజులు కొన్ని వస్తాయి, ఆ ఉదయాలు ఇంజిన్‌ను కాస్త వేడెక్కనిచ్చి బయల్దేరండి. మోటారు పక్కన కూలెంటే లేకపోతే ఈ ప్రమాదం మళ్లీ రాదు.

అన్నీ తగిలించాక ఐడిల్ గాలి పరిమాణాన్ని ఈసీఎంకు మళ్లీ నేర్పించాలి. ఇది చేయకపోతే మంచి వాల్వ్, మంచి ఈసీఎం ఉన్నా ఐడిల్ తప్పుగానే ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్సు పూర్తిగా వేడెక్కాలి. ఐడిల్‌లో బ్యాటరీ 12.9 వోల్టుల పైన ఉండాలి. ఏసీ, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్ అన్నీ ఆపాలి. స్టీరింగ్ సూటిగా ఉండాలి. గేరు పార్కులో ఉండాలి. నిస్సాన్ స్కానర్ ఉంటే అందులో ఆ పేరుతోనే ఒక ఎంపిక ఉంటుంది. లేకపోతే మీ సంవత్సరపు మాన్యువల్‌లో ఉన్న చేతి పద్ధతిని సెకన్లతో సహా పాటించండి. ఇతర మోడళ్లకు ఇంటర్నెట్‌లో రాసిన పద్ధతులు వాడవద్దు. నేర్పడం విఫలమవుతూనే ఉంటే ఎక్కడో గాలి లీకు మిగిలి ఉంది, లేదా వాల్వ్ ఇంకా కదలడం లేదు.

ఊళ్లో మీ నాన్నగారి పాత కారుకూ ఇలాంటి ఐడిల్ ఇబ్బందే ఉందని చివర్లో రాశారు. అక్కడి చిన్న కార్లలో నాలుగు పిన్నుల స్టెప్పర్ వాల్వ్‌లు ఎక్కువ. వాటిలో రెండే కాయిల్‌లు, ఈసీఎం కరెంటును రెండు దిశల్లోనూ పంపుతుంది. కాబట్టి ఎల్‌ఈడీలు జంటగా, ఎదురెదురు దిశల్లో కలపాలి. కాయిల్ నిరోధం మోడల్‌ను బట్టి మారుతుంది, రెండు కాయిల్‌లూ సమానంగా ఉండడమే చూడవలసింది. ఆటోనగర్‌లో నేను ఎక్కువగా చూసిన కారణం కూలెంట్ కాదు, వాటర్ వాష్. ఇంజిన్ మీద గట్టి ధారతో నీళ్లు కొట్టాక కప్లర్‌లోకి తడి చేరి పిన్నులు పచ్చబడతాయి. నాన్నగారిని ముందు ఆ కప్లర్ విప్పించి చూడమనండి. శుభ్రం చేయడంతోనే సరిపోయే అవకాశం ఉంది.

పాత వాల్వ్ మీద తీసిన నాలుగు ఓమ్ అంకెలు, కొత్తదాని మీదవి నాలుగు, స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత, స్టెప్పుల సంఖ్య రాసి పంపండి. వాటిని చూసి రెసిస్టర్ల పరీక్ష అవసరమో కాదో చెబుతాను. అప్పటిదాకా కొత్త వాల్వ్ కప్లర్ విప్పే ఉంచండి.